దొర పల్లకీ మోసిన యువరాజు

మూడు కొండల నడుమ, శంఖినీ నది వంపులో మణిశిలా నగరం ఉంది. దాని కోటగోడలు ఎర్రరాతివి. సింహద్వారం తలుపుల మీద చెక్కిన నెమళ్ళు ఇప్పుడో ఇంకాసేపటికో పురి విప్పేలా ఉంటాయి. రాజవీధికి రెండువైపులా సంపెంగ చెట్లు. పొద్దు పొడవగానే ఏనుగులశాల నుంచి గంటల చప్పుడు, దేవిడీ నుంచి సన్నాయి, పూలబజారు నుంచి బేరాల కేకలు ఒక్కసారిగా లేచి కోటలో కలుసుకుంటాయి. అన్నిటికీ ముందు సింహద్వారం మీద నగారా మోగాలి. అది మోగితేనే ఊరు నిద్రలేస్తుంది.

ఆ ఉదయం నగారా మోగలేదు. మహారాజు రణధీర భూపతి తెల్లవారుతూండగా కన్నుమూశాడు.

మంత్రి నయసాగరుడు శయనమందిరంలోకి వచ్చేసరికి మహారాణి కాంతిమతీదేవి భర్త పాదాల దగ్గర కూర్చుని ఉంది. ఆమె ఏడవలేదు. తలెత్తి ఒక్క మాట అడిగింది.

"మంత్రిగారూ, పొద్దు గుంకేలోగా నా బిడ్డ రాగలడా?"

మణిశిలా రాజులు సూర్యవంశీకులు. రాజు పోయిన నాడే, చితిమీద ఎండ ఉండగా కొడుకు తలకొరివి పెట్టాలి. అలా పెట్టినవాడే తర్వాతి రాజు. ఇది తరతరాల ఆచారం. కొన్నేళ్ళ క్రితం వెండిదీవి నుంచి ఓడలెక్కి మిరియాల బేరానికి వచ్చిన దొరలు ఒక యుద్ధంలో మహారాజుకు ఫిరంగులతో సాయం చేశారు. ఆ సాయానికి బదులుగా ఒడంబడిక రాయించుకున్నారు. ఈ ఆచారాన్ని కూడా అందులో చేర్చారు. ఎండ ఉండగా వారసుడు నిప్పు పెట్టకపోతే రాజ్యం వెండిదీవి సర్కారు వశమవుతుంది. కొడుకు కళ్ళముందే ఉన్నాడు గదా అన్న ధీమాతో మహారాజు నవ్వుతూ ముద్ర వేశాడు. ఆ తర్వాత దొరల ప్రతినిధి హెర్విక్ దొర, చదువు చెప్పిస్తానంటూ యువరాజు జయకేతుణ్ణి సముద్రతీరంలోని తన బంగళాకు తీసుకుపోయాడు. యువరాజుకు ఇప్పుడు ఇరవై ఏళ్ళు. చదువు ఇంకా పూర్తికాలేదని దొర చెబుతూనే ఉన్నాడు.

"దారులన్నీ మూసేశారు తల్లీ," అన్నాడు మంత్రి. "శంఖిని వంతెన మీద ఫిరంగి పెట్టారు. దొర పల్లకీ తప్ప పురుగు కూడా దాటకూడదని ఆజ్ఞ. మహారాజు ఊపిరి ఆగకముందే అంతా సిద్ధం చేసుకున్నారు."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఎల్లమంద ముందుకు వచ్చాడు. అతను అశ్వశాలకు పెద్ద. నలభై దాటినవాడు, కోల ముఖం, చెవుల దాకా మెలితిప్పిన మీసం. జయకేతుణ్ణి మొదటిసారి గుర్రం ఎక్కించినవాడు అతనే.

"దొర పల్లకీ ఒక్కటే దాటుద్దా అయ్యగోరూ?"

"అదొక్కటే."

"అయితే బాబుగారు దొర పల్లకీతోనే దాటుతాడు. తవరు గంధపుచెక్కలు పేర్పించండి."

ఎల్లమంద అక్కణ్ణుంచి తిన్నగా మంగలి దగ్గరకు వెళ్ళి మీసం తీయించుకున్నాడు. తర్వాత నల్లగుర్రం ఎక్కి, ఏనుగులు తప్ప ఎవరూ నడవని అడవిదారి పట్టాడు. ఆ దారిలో తీరానికి జారి దిగడమే గాని, పొద్దు గుంకేలోగా ఎక్కి తిరిగి రావడం కుదరదు. దారిలో వెదురుపొద నుంచి చిరుత దూకింది. గుర్రం వెనక్కాళ్ళతో తన్ని దాన్ని వాగులో పడేసింది. ఎల్లమంద వెనుదిరిగి చూడలేదు.

* * *

సముద్రపు ఒడ్డున దొర బంగళా కడిగిన శంఖంలా తెల్లగా మెరుస్తూ ఉంటుంది. కిటికీలకు రంగుటద్దాలు, వాకిట్లో పాలరాతి సింహాలు, తోటలో ఏడాది పొడుగునా పూసే విదేశీ పూలు. ఆ పూలకు వాసన ఉండదు.

హెర్విక్ దొర ఫలహారం ముగించి చేతులు తుడుచుకుంటున్నాడు. ఎదురుగా మాంత్రికుడు ఘూకభట్టు నిలబడి ఉన్నాడు. గుడ్లగూబ కళ్ళు, బూడిద పూసిన ఒళ్ళు, భుజం మీద గొర్రెంత రాబందు. రాజు మరణవార్త మోసుకొచ్చింది ఆ రాబందే. దొరకు మంత్రాల మీద నమ్మకం లేదు. అయినా ఘూకభట్టుకు సర్కారు జీతం ఇచ్చేవాడు. ఎవరైనా అడిగితే, "నమ్మకం నా సొంత విషయం, పని సర్కారుది," అనేవాడు.

"యువరాజును కొట్టంలో పెట్టి తాళం వేయిస్తాను దొరా," అన్నాడు ఘూకభట్టు.

"వద్దు. అతను ఖైదీ కాడు, నా శిష్యుడు. విషయం తెలియకపోతే చాలు. రేపు నేనే చెప్పి ఓదారుస్తాను. పల్లకీ సిద్ధం చేయించు. శవసంస్కారానికి సర్కారు తరఫున నేను హాజరు కావాలి."

పెరట్లో బోయీలు పల్లకీకి కొత్త దండె బిగిస్తున్నారు. వాళ్ళ పెద్ద చెన్నప్ప, లోపలికి వచ్చిన మనిషిని ఎగాదిగా చూశాడు.

"ఎల్లమందా! నీ మీసం ఏదిరా?"

"రాజుగారితోనే పోయింది మావా."

చెన్నప్ప చేతిలో తాడు జారిపోయింది. సంగతంతా విన్నాక అతను ఇద్దరు కుర్ర బోయీలను పిలిచి, వాళ్ళ తలపాగాలూ గోచీలూ విప్పించి ఎల్లమంద చేతికిచ్చాడు. "వెనకదండె మీది. దొర ముందుకు తిరిగి కూకుంటాడు. మిమ్మల్ని చూడడు," అన్నాడు.

జయకేతుడు తోటలో పుస్తకం చదువుకుంటున్నాడు. మీసం లేని ఆ ముఖాన్ని అతను పోల్చుకోలేదు. గొంతు వినగానే లేచి నిలబడ్డాడు.

"ఎల్లమందా, ఇదేం వేషం?"

"బాబూ, గట్టిగా మాటాడకు. నాయనగారు పోయారు."

యువరాజు పుస్తకం మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఎప్పుడు?"

"తెల్లారగట్ల."

"పొద్దున దొర నా పక్కనే కూర్చుని తిన్నాడే! ఊరికే తిరిగొస్తానన్నాడు. దొర నాతో ఎన్నడూ అబద్ధం ఆడడు."

"అబద్ధం ఆడలేదు బాబూ. చెప్పలేదంతే."

జయకేతుడు బంగళా వైపు చూశాడు. అతనికి నక్షత్రాల పేర్లు నేర్పినవాడు, జ్వరం వస్తే పక్కన కూర్చున్నవాడు ఆ గోడల మధ్యనే ఉన్నాడు. కళ్ళు తుడుచుకుని, "అమ్మ దగ్గర ఎవరున్నారు?" అని అడిగాడు.

"నీ కోసం చూస్తా ఉంది."

అతను మేడమీదికి వెళ్ళి, తలనొప్పిగా ఉంది, ఎవరూ లేపవద్దని నౌకరుతో చెప్పి తలుపు గడియ వేసుకున్నాడు. కాసేపటికి వెనక కిటికీ నుంచి జారి పెరట్లోకి దిగాడు. చెన్నప్ప అతని ఒంటికీ ముఖానికీ మసి రాశాడు. పట్టుబట్టల మనిషి గోచీ కట్టి, చెప్పులు విడిచి, పల్లకీ దండె కింద భుజం పెట్టాడు.

* * *

పల్లకీ లేచింది. "ఓహొం, ఓహొం" అంటూ బోయీలు పరుగు అందుకున్నారు. దొర బరువైన మనిషి. పక్కన గుర్రం మీద అతని సేనాని, వెనక కంచరగాడిద మీద ఘూకభట్టు. తీరం దాటారు, ఉప్పుమళ్ళు దాటారు, మొగలిపొదల దారి దాటారు. ప్రతి చౌకీ దగ్గరా సిపాయిలు తుపాకులు నిలబెట్టి సలాము చేసి దారి వదిలారు. వాళ్ళు వెతుకుతున్న మనిషి వాళ్ళ ముక్కుల కిందనుంచే సాగిపోయాడు. ఎదురైన పల్లెల్లో జనం వీధుల్లో నిలబడి ఏడుస్తున్నారు. ఒక ముసలమ్మ పల్లకీ మీద దుమ్మెత్తిపోసింది. ఆ దుమ్ము జయకేతుడి కళ్ళలో పడింది. తుడుచుకోవడానికి అతనికి చెయ్యి ఖాళీ లేదు.

ఎండలో దొర సేనానితో మాట్లాడుతున్నాడు. ఆ మాటలు వెనకదండె వరకు వినబడుతున్నాయి.

"కుర్రాడు మంచివాడు. భరణం ధారాళంగా ఇప్పిద్దాం. పుస్తకాలు కొనుక్కుంటాడు. అతనికి రాజ్యం బరువైపోతుంది. ఆ బరువేదో మనమే మోద్దాం."

జయకేతుడి భుజం చీరుకుపోయి ఉంది. అతను దండెను ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. పక్కనున్న ఎల్లమందకు నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ దిగమింగి, "ఓహొం" అన్నాడు.

శంఖిని వంతెన వచ్చింది. ఫిరంగి దగ్గరున్న సిపాయిలు పక్కకు తప్పుకున్నారు. పల్లకీ వంతెన నడిమికి చేరింది. అవతలి ఒడ్డున కోట కనబడుతోంది. సరిగ్గా అప్పుడు ఘూకభట్టు గాడిదను ఆపి రాతిపలకల మీదికి వంగాడు. ప్రతి అడుగు జాడలోనూ నెత్తురు ఉంది. పుట్టుబోయీ అరికాలు చెప్పుతోలులా ఉంటుంది, దానికి నెత్తురు రాదు.

"దించండి! పల్లకీ దించండి!" అని అతను గుడ్లగూబలా అరిచాడు.

"వదిలెయ్ బాబూ!" అన్నాడు ఎల్లమంద.

దండె వదిలేశారు. పల్లకీ ధబ్బున కూలింది. వెండిదీవి సర్కారు ప్రతినిధి టోపీతో సహా రాతిపలకల మీద దొర్లాడు. ఎల్లమంద సేనాని కాలు పట్టి కిందికి లాగేసి, జయకేతుణ్ణి ఆ గుర్రం మీదికి తోసి, తనూ వెనక ఎక్కాడు. దొర నడుమ ఉండడంతో సిపాయిలు తుపాకులు పేల్చలేకపోయారు.

ఘూకభట్టు సంచిలోంచి బూడిద తీసి గాలిలోకి విసిరాడు. వంతెన చివర పరచిన రాళ్ళు కదిలాయి. పలక పలకా మొసలి వీపైంది. నోళ్ళు తెరుచుకున్నాయి. గుర్రం భయపడి ముందుకాళ్ళు ఎత్తేసింది.

"తలపాగా తియ్! దాని కళ్ళకు కట్టు!" అని అరిచాడు ఎల్లమంద.

జయకేతుడు తలపాగా విప్పి గుర్రం కళ్ళకు చుట్టాడు. కళ్ళు మూసుకున్న గుర్రానికి మొసళ్ళూ లేవు, మంత్రమూ లేదు. ఎల్లమంద దాని డొక్కల్లో మడమలు గుచ్చాడు. అది చెంగున గాలిలోకి లేచింది. వెనక మొసలి ఒకటి తోక వెంట్రుకలు పట్టి పీకింది. గుర్రం ఒడ్డు మీద మోకాళ్ళ మీద పడి, లేచి, కోట వైపు దూసుకుపోయింది.

ఘూకభట్టు రాబందు చెవిలో ఏదో ఊదాడు. అది పెరిగి ఎద్దంత అయింది. దాని మీదెక్కి అతను ఆకాశంలోకి లేచాడు. మొసళ్ళు మళ్ళీ రాతిపలకలైపోయాయి. దొర మాత్రం లేచి, దుమ్ము దులుపుకుని, టోపీ సరిచేసుకుని, ఒక సిపాయి గుర్రం అడిగి తీసుకున్నాడు. "పదండి. అక్కడ నేనుండాలి," అన్నాడు.

* * *

గంధపు చితి నది ఒడ్డున పేర్చి ఉంది. మహారాజు దేహాన్ని దాని మీద ఉంచారు. చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. పొద్దు ఇంకా కొండల పైనే ఉంది. జయకేతుడి గుర్రం శ్మశానవాటిక మొగదల చేరేసరికి, ఊరిపైనున్న సూదిగట్టు శిఖరం నుంచి మంచు దిగడం మొదలైంది. పొంగిన పాలలా తెల్లగా, చిక్కగా కొండ అంచులు దాటి కిందికి ఒలికింది. పొద్దు మసకబారింది. నీడలు మాయమయ్యాయి. చితిమీది ఎండ దీపం ఆర్పినట్టు పోయింది.

ఎల్లమంద తలెత్తి చూశాడు. శిఖరం కొస మాత్రం మంచుకు పైన బంగారంలా వెలుగుతోంది. దాని మీద రాబందు రెక్కల నీడ.

"బాబూ, నువ్వు దిగి అమ్మ దగ్గరకి పో. కొరివి పట్టుకుని నిలబడు. ఎండ నేను పంపిస్తా."

"ఎలా పంపిస్తావు?"

"అది పైకి పోయినాక ఆలోచిస్తా." గుర్రం అప్పటికే మలుపు తిరిగింది.

కాంతిమతీదేవి కొడుకును చూసింది. మసి, నెత్తురు, గోచీ. ఆమె పైటచెంగుతో అతని ముఖం తుడిచింది. అప్పుడు మాత్రం ఏడ్చింది. పురోహితుడు కొరివి అందించాడు. జయకేతుడు దాన్ని పట్టుకుని చితి దగ్గరకు నడిచాడు.

గుర్రపు డెక్కల చప్పుడు వినబడింది. సేనానితో కలిసి వచ్చిన హెర్విక్ దొర గుర్రం దిగి, టోపీ తీసి, శవానికి వంగి నమస్కరించాడు. తర్వాత జయకేతుడి వైపు తిరిగాడు.

"నాయనా, నీకు వచ్చిన కష్టానికి విచారిస్తున్నాను. కాని ఎండ లేదు. ఇప్పుడు నిప్పు పెడితే కొడుకుగా నీ ధర్మం నెరవేరుతుంది. రాజువు మాత్రం కాలేవు. ఒడంబడిక నీకూ తెలుసు. నేనే చదివించాను."

"తెలుసు గురువుగారూ. పొద్దు ఇంకా గుంకలేదు. నేను ఆగుతాను."

"ఆగు. నేనూ ఆగుతాను."

కొరివి కాలుతూ వస్తోంది. మంట జయకేతుడి వేళ్ళ దగ్గరకు వచ్చింది. అతను పట్టు మార్చలేదు. వేళ్ళ మీద బొబ్బలు లేస్తున్నాయి. నయసాగరుడు ఇంకో కొరివి అందించబోతే, "వద్దు మంత్రిగారూ, నాన్నగారి పేరు చెప్పి అంటించింది ఇదే," అన్నాడు.

సూదిగట్టు దారి సగం వరకే గుర్రం ఎక్కగలిగింది. మిగిలింది ఎల్లమంద చేతులతో పాకాడు. శిఖరం మీద కావలి మంటపం ఉంది. శత్రువులు వచ్చినప్పుడు సరిహద్దు కోటలకు తళుకులతో కబురు పంపేందుకు బండిచక్రమంత ఇత్తడిపలక ఒకటి అక్కడ నిలబెట్టి ఉంటుంది. కావలివాళ్ళు మంత్రానికి లోబడి నిలబడ్డచోటే నిద్రపోతున్నారు. ఘూకభట్టు బండ మీద కళ్ళు మూసుకుని జపం చేస్తున్నాడు. అతని నోటినుంచి మంచు పొగలు పొగలుగా వస్తోంది.

ఎల్లమంద నడుములో బాకు ఉంది. మాంత్రికుడి వీపు ఎదురుగా ఉంది. పొద్దు అంచు మాత్రం అవతలి కొండను తాకింది. ఇతణ్ణి పొడిచి, ఆ మంచు విడిపోయేదాకా ఆగితే పొద్దు ఆగదు. ఎల్లమంద బాకు జోలికి పోకుండా ఇత్తడిపలక పట్టుకున్నాడు. భుజమానించి తిప్పాడు. అది కిర్రుమంది. పడమటి ఎండ పలక మీద పడి, తిరిగి, ఈటెలా లోయలోకి దిగింది. నిజమైన ఎండ సోకినచోట మాయమంచు దూదిలా పింజలు పింజలుగా విడిపోయింది. వెలుగు గుడి గోపురం మీద పాకింది, నది మీద పాకింది. ఎల్లమంద పళ్ళు బిగించి పలకను ఇంకొంచెం వంచాడు.

కింద జనం ఒక్కసారిగా అరిచారు. చితిమీద పసుపుపచ్చటి వెలుగు పడింది. కన్నుమూసిన మహారాజు ముఖం వెలిగింది.

సేనాని, "అది అద్దపు వెలుగు ప్రభూ, లెక్కలోకి రాదు," అన్నాడు. హెర్విక్ దొర చితి దగ్గరకు నడిచి, ఆ వెలుగులో అరచెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి వెచ్చగా అయింది. చితి పక్కన తన నీడ నల్లగా పడింది. అతను కాసేపు ఆ నీడ వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒడంబడికలో ఎండ అని ఉంది. అది ఎక్కణ్ణుంచి రావాలో రాయలేదు. ఇది ఎండే," అన్నాడు.

జయకేతుడు తండ్రి తల దగ్గర కొరివి ఉంచాడు. గంధపుచెక్కలు అంటుకున్నాయి. దొర టోపీ చంకలో పెట్టుకుని, ఇందాకటిదాకా "నాయనా" అని పిలిచినవాడికి మొదటిసారి తల వంచాడు. సింహద్వారం మీద ఎవరో నగారా మోగించారు.

ఆ చప్పుడుకు శిఖరం మీద ఘూకభట్టు కళ్ళు తెరిచాడు. మంచు చెదిరిపోయి ఉంది. ఎదురుగా ఇత్తడిపలకకు ఆనుకుని ఆయాసపడుతున్న మనిషి. మాంత్రికుడు ఈల వేశాడు. రాబందు వచ్చి ఎల్లమంద నడుము పంజాలతో పట్టింది. ఘూకభట్టు మెడ మీదికి ఎక్కగానే అది పైకి లేచింది.

"సముద్రం మధ్యలో పడేస్తాను రా, గుర్రాలోడా!"

కోట చిన్నదైపోయింది. నది ఒక దారంలా అయింది. ఎల్లమంద మెడ తిప్పి చూశాడు. నది ఒడ్డున చితిపొగ తిన్నగా పైకి లేస్తోంది. పని అయింది, బాబు రాజయ్యాడు. తర్వాత ముందుకు చూసేసరికి సంతోషం కాస్తా ఎగిరిపోయింది.

బంగళాకు కనబడకుండా, రేవు మలుపు అవతల, వెండిదీవి ఓడలు బారులు తీరి ఉన్నాయి. మిరియాల ఓడలు కావవి. పడవలు దించుతున్నారు. పడవల్లో సిపాయిలు, ఫిరంగులు. దొర ఒడంబడికకు కట్టుబడ్డాడు గాని, అతని సర్కారు ఒడంబడిక ఒక్కదాన్నే నమ్ముకోలేదు.

ఈ కబురు కొత్త రాజుకు చేరాలి. తాను సముద్రం మధ్యకు చేరితే అది చేరదు. ఎల్లమంద బాకు దూసి, రాబందు కాలిలో పిడిదాకా దించాడు. పంజా సడలింది. అతను ఒంటిచేత్తో రెండో కాలు పట్టుకుని వేలాడాడు. కింద మొదటి ఓడ తెరచాప గాలికి బోర్లించిన బుట్టలా ఉబ్బి కనబడింది. అందులో పడితే ప్రాణం నిలుస్తుంది, అక్కణ్ణుంచి ఒడ్డుకు ఈదొచ్చు. దాని నడిమికి గురిచూసి ఎల్లమంద చెయ్యి వదిలేశాడు.